నాలుక కింద రెండు చుక్కలు

ముందుగా

ముప్పై మూడేళ్ళు నర్సుగా పనిచేశాను. అందులో ఇరవై ఏళ్ళకు పైగా మెడికల్ వార్డులోనే గడిచింది. రిటైరయ్యాక హనుమకొండ సుబేదారిలో మా ఇంట్లోనే ఉంటున్నాను. మా వీధిలో నర్సింగ్ చదివే అమ్మాయిలు కొందరున్నారు. సాయంత్రం పూట వచ్చి కూర్చుని, మేడం మీ అనుభవాలు చెప్పండి అంటారు. ప్రాణాలు కాపాడిన కథలేవో చెబుతానని వాళ్ళ ఆశ. అవీ ఉన్నాయి. వాటి వల్ల మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. మంచి జరిగితే చెప్పడానికి నలుగురు తయారుగా ఉంటారు. చెడగొట్టిన పని గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. నేనూ చాలాకాలం విప్పలేదు.

ఏ ఏడు ఏ మెట్టు ఎక్కాను, ఎక్కడి నుంచి ఎక్కడికి బదిలీ అయ్యాను అన్నవి ఇక్కడ రాయను. ఒక మనిషి మాట పోవడం గురించి రాస్తాను. అందులో నా చెయ్యి ఉంది. ఆ సంగతి నాకు తెలిశాక కూడా ఎనిమిదేళ్ళు గమ్మున కూర్చున్నాను. ఆ ఎనిమిదేళ్ళలో నేను నేర్పిన తప్పు ఒక ఊరంతా తిరిగింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను కాస్త నోరున్న మనిషిని. వార్డులో నా చెప్పుల చప్పుడు వింటే చాలు, రోగుల చుట్టాలు మంచాల మీది నుంచి దిగ్గున లేచేవారు. పక్షవాతం వచ్చిన మనిషిని ఇంట్లోనే పడుకోబెట్టి పావురం రక్తం రుద్దించి మూడో రోజు తీసుకొచ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. మీకు బుర్ర ఉందా, చదువుకున్నవాడు ఒక్కడూ లేడా మీ ఇంట్లో అని అందరి ముందూ దులిపేసేదాన్ని. ఇప్పుడు అవన్నీ గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోతాను.

చార్టు

ఆ రోజుల్లో మా వార్డుకు ఒక పెద్ద సారు ఉండేవాడు. వైద్యంలో గట్టి మనిషి. రోగి గుమ్మం దాటి నడిచొచ్చే తీరు చూసి సగం జబ్బు చెప్పేసేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది, అది కాదనను. అయితే కోపం ముక్కు మీదే ఉండేది. తొమ్మిదింటికి రౌండ్లకు వస్తే రోగి ముఖం కన్నా ముందు మంచం కాళ్ళ దగ్గర వేలాడే బీపీ చార్టు చూసేవాడు. అందులో పెద్ద అంకె కనబడిందా, అట్ట కిందపడేది. ఇంత బీపీ పెట్టుకుని పడుకోబెట్టారేంటి, నరం తెగితే ఎవరు జవాబు చెబుతారు అని వార్డంతా అదిరేలా అరిచేవాడు. అప్పుడు మా అందరికీ తెలిసిన శాస్త్రం కూడా అంతే. బీపీ పెరిగింది కాబట్టి పక్షవాతం వచ్చింది, దించితే తగ్గుతుంది అనుకునేవాళ్ళం.

తిట్లు పడలేక మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎనిమిదిన్నరకు అందరికీ బీపీ చూస్తాం. ఎవరికైనా ఎక్కువ ఉంటే ట్రేలోంచి ఒక బీపీ క్యాప్సూల్ తీసి, సూదితో పొడిచి, లోపలి మందు రెండు చుక్కలు నాలుక కింద పిండుతాం. పావుగంట, ఇరవై నిమిషాల్లో అంకె జారుతుంది. మళ్ళీ చూసి ఆ రెండో అంకె చార్టులో వేస్తాం. సారు వచ్చేసరికి చార్టు కడిగిన పలకలా ఉంటుంది. మందు రాసినట్టు ఆయన సంతకం తర్వాత పెట్టించుకునేవాళ్ళం. ఇది మా ఒక్క వార్డులోనే పుట్టిన పని కాదు, ఆ కాలంలో చాలాచోట్ల నడిచేది. అయినా ఎవరో చేశారు కదా అని నా పని మంచిదైపోదు.

అమ్మాయిలూ, పై అధికారి అంకెను చూసి అరిచేవాడైతే కింద ఉన్నవాళ్ళు అంకెను బాగుచేస్తారు, రోగిని కాదు. ఇది నేను దవాఖానలో తప్ప ఇంకెక్కడా నేర్చుకోలేదు. మీ పైన అలాంటివాడు ఉంటే తిట్లు తినండి. తిట్లు తిని ఎవరూ చావరు.

యాకూబ్

పదమూడేళ్ళ కింద ఒక ఉదయం ఏడున్నరకు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి యాకూబ్ అనే మనిషిని జీపులో తీసుకొచ్చారు. నలభై అయిదేళ్ళుంటాయి. వారం వారం జరిగే పశువుల అంగడిలో ఎడ్ల బేరాలు కుదిర్చేవాడు. కొనేవాడి చేతినీ అమ్మేవాడి చేతినీ తువ్వాల కింద పట్టుకుని, వేళ్ళు నొక్కి ధర చెప్పి, ఇద్దరినీ ఒప్పించే పని. చేతి వేళ్ళూ, నాలుకా, ఈ రెండే ఆయన పెట్టుబడి. తెల్లవారి ముఖం కడుక్కుంటుంటే కుడిచెయ్యి మొద్దుబారిందట. వాళ్ళు ఏ మంత్రగాడి దగ్గరికీ పోలేదు, ఏ పసరూ పోయలేదు. గంటన్నరలో తీసుకొచ్చారు. అంత తొందరగా వచ్చినవాళ్ళను నేను ఏడాదికి ఒకరిద్దరిని చూసి ఉంటానేమో.

మంచం మీద పడుకోబెట్టి చూశాను. కుడిచెయ్యి భుజం దాకా లేస్తోంది, కాసేపు ఆగి మెల్లగా వాలిపోతోంది. మూతి కొంచెం ఒరిగింది. మాట ముద్దగా ఉంది గానీ ప్రతి మాటా అర్థమవుతోంది. పైగా నాతో పరాచికం ఒకటి.

"ఏం లేదు సిస్టర్, నాలుక జర మందమైంది. రేపు అంగడున్నది, గప్పటిదాంక తోలిస్తవా?"

బీపీ చూస్తే రెండొందల పది. ఎనిమిదిన్నర అయింది. తొమ్మిదింటికి సారు వస్తాడు. స్కాన్ బయట తీయించాలి, దానికి ఇంకా టైం పడుతుంది. నేను రెండో ఆలోచన కూడా చేయలేదు. క్యాప్సూల్ పొడిచాను, నాలుక పైకెత్తమన్నాను, పిండాను. రెండు చుక్కలతో ఆగకుండా మిగిలింది కూడా పిండాను, అంకె మరీ పెద్దదని. తొమ్మిదింటికి నూట ఇరవైకి దిగింది. ఆయన భార్య రహీమా అక్కడే నిలబడి అంతా చూస్తోంది. ఎంతకు వచ్చిందని అడిగితే చెప్పాను. నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

సారు వచ్చి చార్టు చూసి, వెరీ గుడ్ సిస్టర్ అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం అరుదు. నేను పొంగిపోయాను.

పది దాటాక రహీమా పరుగెత్తుకొచ్చింది. వెళ్ళి చూస్తే యాకూబ్ నోరు తెరిచి ఏదో చెప్పబోతున్నాడు, గాలి తప్ప ఏమీ రావడం లేదు. కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తి వదిలితే దబ్బున పక్క మీద పడింది. ఆయన కళ్ళల్లో ఉన్న భయం నేను మర్చిపోలేను. అంతా అర్థమవుతోంది, ఒక్క మాట కూడా రావడం లేదు. మధ్యాహ్నం బయట తీసిన స్కాన్‌లో నాళం మూసుకుపోయిందని తేలింది, జబ్బు ముదిరిందని సారు అన్నాడు. నేనూ నమ్మాను. బీపీ దించడం వల్లే ప్రాణం దక్కిందని కూడా అనుకున్నాం. ఆ మాట రహీమాతో చెప్పింది నేనే.

ఇరవై రోజులకు ఇంటికి పంపేటప్పుడు రహీమా ఏడుస్తూ, మళ్ళీ వస్తే నేనేం చేయాలి సిస్టర్ అని అడిగింది. నాకు జాలేసింది. అవే క్యాప్సూళ్ళు ఒక స్ట్రిప్పు తెప్పించి చేతిలో పెట్టాను. సూదితో ఎలా పొడవాలో, నాలుక కింద ఎలా పిండాలో ఒకటికి రెండుసార్లు చేయించి చూపించాను. ఆ రోజు నా మంచితనానికి నేనే మురిసిపోయాను.

కణాలు ఎలా చస్తాయో

అయిదేళ్ళకు సారు వేరే చోటికి వెళ్ళిపోయి అనూరాధ అనే డాక్టరమ్మ వచ్చింది. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. మెల్లగా మాట్లాడుతుంది. వచ్చిన వారానికే మా ట్రేలో ఆ క్యాప్సూళ్ళు చూసి, ఇవి ఎందుకు వాడుతున్నారని అడిగింది. చెప్పాం. మధ్యాహ్నం మా అందరినీ డ్యూటీ రూములో కూర్చోబెట్టింది.

మెదడు తన దగ్గర ఏమీ దాచుకోదమ్మా అని మొదలుపెట్టింది. ఆక్సిజనూ చక్కెరా రక్తంలో ఎప్పటికప్పుడు రావాల్సిందే. ఒక నాళం మూసుకుపోతే నడిమధ్య ఉన్న కణాలు నిమిషాల్లో చచ్చిపోతాయి. వాటిని ఎవరూ ఆపలేరు. వాటి చుట్టూ మాత్రం ఇంకొంత మేర ఉంటుంది. అక్కడికి పక్క నాళాల్లోంచి సన్నగా రక్తం అందుతుంటుంది. ఆ కణాలు పని మానేస్తాయి, కానీ బతికే ఉంటాయి. చెయ్యి సగం లేస్తుంది, మాట ముద్దగా వస్తుంది. ఆ మేరను కాపాడుకోవడానికే మనం ఇంత ఉరుకులాడేది అంది.

తర్వాత ఆ కణాలు ఎలా చస్తాయో చెప్పింది. ప్రతి కణం గోడకూ చిన్న చిన్న పంపులుంటాయి. లోపలికి జొరబడే ఉప్పును అవి ఎప్పుడూ బయటికి తోడుతుంటాయి. రక్తం తగ్గితే పంపు నడవడానికి శక్తి చాలదు. ఉప్పు లోపలికి వస్తుంది, దాని వెంట నీళ్ళు వస్తాయి, కణం ఉబ్బిపోతుంది. ఆ దశలో అది గ్లూటమేట్ అనే రసాయనాన్ని బయటికి కుమ్మరిస్తుంది. మామూలుగా కణానికీ కణానికీ మధ్య కబురు మోసేది అదే. ఒక్కసారిగా అంత పడితే పక్క కణానికి విషమవుతుంది. దానిలోకి కాల్షియం జొరబడి లోపలి సామానంతా కొరికేస్తుంది. అది కూడా పోతూ పోతూ పక్కదాన్ని చెడగొడుతుంది. కొన్ని వెంటనే పోవు. రెండు మూడు రోజులు ఊగిసలాడి, తమను తామే ముక్కలు చేసుకుని ముగిసిపోతాయి. రోగి మంచం మీద నిమ్మళంగా పడుకున్నట్టే ఉంటాడు, లోపల ఇంత జరుగుతుంటుంది.

"మీ ఇంట్ల నల్లా నీళ్ళు పై అంతస్తుకు ఎక్కాలంటే ఏం కావాలె?" అని అడిగింది.

ప్రెషర్ అన్నాం. పైపు సగం మూసుకుపోయి బొట్టుబొట్టుగా వస్తుంటే ఆ ప్రెషర్ కూడా తగ్గిస్తే ఏమవుతుందని అడిగింది. పక్షవాతం వచ్చిన మనిషికి బీపీ పెరిగేది చాలాసార్లు అందుకేనట. పక్క దారుల్లోంచి ఆ ఆకలిగొన్న కణాలకు రక్తం తోయడానికి శరీరం తంటాలు పడుతుంటుంది. నాళం చిట్లి రక్తం కారితే లెక్క వేరు, అది స్కాన్ చూస్తే గానీ తెలియదు. దించాల్సి వచ్చినా స్కాన్ చూశాక, డ్రిప్పులో, కొద్దికొద్దిగా దించాలి. నాలుక కింద చుక్కలు వేస్తే ఎంత దిగుతుందో, ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు అంది.

రెండొందల పది నుంచి నూట ఇరవై. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది. పది దాటాక మాట పోయింది. లెక్క నా కళ్ళ ముందే తేలింది. అందరూ వెళ్ళాక డాక్టరమ్మ దగ్గరికి పోయి, ఎవరో రోగి అన్నట్టు పేరు చెప్పకుండా అడిగాను. ఆమె, కచ్చితంగా చెప్పలేం సిస్టర్, చుక్కలు వేయకపోయినా ముదిరేదేమో అంది. ఆ 'చెప్పలేం' అన్న ఒక్క మాట పట్టుకుని నేను ఎనిమిదేళ్ళు బతికాను.

నోరు మూసుకున్న ఎనిమిదేళ్ళు

రహీమా మూడు నెలలకోసారి యాకూబ్ మందుల కోసం హనుమకొండ వచ్చేది. వచ్చినప్పుడల్లా వార్డు దాకా ఎక్కి నన్ను చూసి పోయేది. ఒకసారి చిక్కుడుకాయలు, ఒకసారి రంజాన్‌కు సేమ్యా. అంగడి పని పోయాక ఆమె ఇంటి ముందు మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. యాకూబ్‌కు అన్నం కలిపి తినిపించేది, గడ్డం గీసేది, ఆయన కళ్ళతో అడిగిందల్లా తెలుసుకునేది. వార్డులో కొత్త సిస్టర్లకు నన్ను చూపించి, మా ఆయన పానం నిలబెట్టింది ఈమెనే అని చెప్పేది. నాకు నేల చీలి లోపలికి పోవాలనిపించేది. నవ్వి, టీ తాగుతావా అనేదాన్ని.

చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆమె బస్సెక్కి పోయాక, వచ్చేసారి తప్పకుండా అనుకునేదాన్ని. కేసు పెడతారన్న భయం లేదని అనను. దానికన్నా పెద్ద భయం ఇంకోటి ఉండేది. ఆమె నన్ను చూసే చూపు మారిపోతుంది. అంత చిన్న సుఖం కోసం అంత పెద్ద సంగతి దాచాను.

పాఠం విన్న ఏడాదే ఒక పని చేశాను, తెలివైన పని అనుకుని. రహీమా వచ్చినప్పుడు, అప్పుడు నీకిచ్చిన గోలీలు పాతబడి ఉంటాయి, పారెయ్యి అన్నాను. సరే సిస్టర్ అంది. ఇంటికి పోయి పారేసింది కూడా. నా మనసు కొంచెం కుదుటపడింది. ఎందుకు పారేయాలో మాత్రం చెప్పలేదు. ఆమె మాట వినే మనిషి. పాతబడ్డాయని సిస్టర్ చెప్పింది కాబట్టి మెడికల్ షాపుకు పోయి కొత్తవి కొనుక్కుంది. ఈ ముక్క నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సగం నిజం చెప్పి చేతులు దులుపుకోకండి అమ్మాయిలూ. నేను చేసిన పనుల్లో చుక్కలు వేయడం తెలియక చేసింది. ఇది తెలిసి చేసింది.

ఎన్ని చుక్కలు

పోయిన చలికాలం, ఉదయం ఎనిమిదింబావు అయింది. పొయ్యి మీద పాలు పెట్టి నిలబడ్డాను. ఫోను మోగింది. రహీమా కూతురు నూర్జహాన్. ఆమెను ఊళ్ళోనే ఇచ్చారు, తల్లి ఇంటికి రెండిళ్ళ అవతలే ఉంటుంది.

"సిస్టర్, అమ్మ మూతి ఒకదిక్కుకు పోయింది. మాట ముద్దముద్ద వస్తాంది. డాక్టరొచ్చి చూస్తే బీపీ రెండొందలున్నదట. గోలి సూదితోని పొడిచి పట్టుకున్న. రెండు చుక్కలేనా, మొత్తం పిండాల్నా?"

డాక్టరంటే ఊళ్ళో సూదిమందులిచ్చే ఆర్‌ఎంపీ. వద్దు, ఒక్క చుక్క కూడా వెయ్యొద్దు, వెంటనే బండి మాట్లాడి హనుమకొండ తీసుకురా అన్నాను. బండి చెప్పామని, అది వచ్చేలోపు వేద్దామనుకుంటున్నామని చెప్పింది. బీపీ దిగకూడదు, రక్తం అందదు, స్కాన్ చూడాలి అని ఏదేదో చెప్పాను. నా మాటలు నాకే అతకడం లేదు. ఫోనులో వెనక నుంచి ఆడవాళ్ళ గొంతులు వినబడుతున్నాయి. వెయ్యి బిడ్డా, ఏం చూస్తున్నవ్ అని ఎవరో గదుముతున్నారు.

"గదేంది సిస్టర్ గట్లంటరు. మా నాయిన్ని బతికించింది గదే గద. అమ్మ గూడ చేత్తోని సైగ జేస్తాంది, ఎయ్యమని."

అప్పుడు అర్థమైంది. ఈ పిల్లకు శాస్త్రం అక్కర్లేదు. తన కళ్ళతో చూసిందని నమ్ముతున్న సంగతి ఒకటుంది. దాన్ని కొడితే తప్ప ఆ చెయ్యి ఆగదు.

"నూర్జహాన్, ఇను బిడ్డా. మీ నాయిన దవాఖానకు వచ్చినప్పుడు మాట్లాడిండు. నాతోని మాట్లాడిండు. నేను చుక్కలేసినంకనే ఆయన మాట పోయింది. ఆయన మాట తీసింది నేనే. మీ అమ్మకు గట్ల చెయ్యకు."

ఫోను కట్టయింది. మళ్ళీ చేయబోయి ఆగాను. చేస్తే వాళ్ళ చెయ్యి ఫోను మీదికి పోతుంది, బండి ఎక్కించడం ఆలస్యమవుతుంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాస్ కట్టేసి చెప్పులేసుకున్నాను.

గేటు దగ్గర

ఆటో ఎక్కి దవాఖాన గేటు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది. డ్యూటీలో ఉన్న సిస్టర్ నాకు తెలిసిన పిల్ల. వచ్చే కేసు గురించి చెప్పి, స్కాన్ వాళ్ళకు ముందే కబురు పెట్టమన్నాను. ఇక చేయడానికి ఏమీ లేదు. గేటు పక్కన టీ కొట్టు ముందు నిలబడ్డాను.

ఆ ముప్పావుగంట ఎలా గడిపానో చెప్పలేను. వేసిందా, వేయలేదా. నా మాట నమ్మిందా, లేక ఈమె చేతకానిది, మా నాయిననే చెడగొట్టింది, ఈమె మాట ఎందుకు వినాలి అనుకుందా. నిజం చెప్పి ఆ పిల్లకు నా మీద ఉన్న నమ్మకమే తీసేశాను కదా, ఇప్పుడు ఏ మాటైనా ఎందుకు వింటుంది? ఒక్కో అంబులెన్సు వస్తుంటే ఎదురుపోయి లోపలికి తొంగి చూసేదాన్ని. మెదడులో పని మానేసినా ఇంకా బతికుండే ఆ మేర గుర్తొచ్చింది. ఈపాటికి ఎంత మిగిలి ఉంటుంది? ఉబ్బుతున్నవి ఎన్ని, పక్కదానికి విషం కుమ్మరిస్తున్నవి ఎన్ని? పాఠంలో విన్నప్పుడు అది పాఠం. ఇప్పుడు రహీమా తలలో జరుగుతోంది.

పావు తక్కువ పదికి బండి వచ్చింది. నూర్జహాన్ ముందు దిగింది. నా ముఖం చూడలేదు.

"ఏసినవా?" అన్నాను.

"ఏయలే" అంది. అంతే, తల్లి వెంట లోపలికి పోయింది.

రహీమా ఎప్పటిదాకా బాగుందో ఆ పిల్ల వెనకే పరుగెత్తి నేనే అడిగాను. ఏడున్నరకు చాయ్ పెట్టి ఇచ్చిందట, అప్పుడు మామూలుగానే మాట్లాడిందట. స్కాన్‌లో రక్తస్రావం లేదు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు, అది దాటలేదు. డాక్టర్లు డ్రిప్పులో బీపీని వాళ్ళకు కావలసినంతకే తెచ్చి, ఆ ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి రహీమా చేతి వేళ్ళు కదిలాయి. మూడో రోజుకు మాట తిరిగింది, కొంచెం నత్తిగా.

నేను రోజూ పోయి కూర్చున్నాను. నూర్జహాన్ కుర్చీ చూపించేది, మాట్లాడేది కాదు. నాలుగో రోజు రహీమా కూతుర్ని బయటికి పంపి నన్ను దగ్గరికి రమ్మంది. నూర్జహాన్ చెప్పింది నిజమేనా అని అడిగింది. డాక్టర్లు కచ్చితంగా చెప్పలేమంటారు, నా లెక్కకు మాత్రం నిజమే అన్నాను. ఎప్పటి నుంచి తెలుసని అడిగింది. ఎనిమిదేళ్ళని చెప్పాను. ఆమె పైకప్పు వైపు చూస్తూ అంది.

"పదమూడేండ్ల సంది నమాజు చదివినప్పుడల్ల నీ కోసం దువా చేసిన సిస్టర్. ఇగ చెయ్యలేను."

నేను తల వంచుకున్నాను. ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, ఓదార్చాలని నేనూ అనుకోలేదు. మళ్ళీ అంది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

"ఊర్లె నాలుగిండ్లల్ల గోలీలు పెట్టిచ్చిన. నీ పేరు జెప్పి నేర్పిన. నేను వద్దంటె ఇప్పుడు ఇనరు. నువ్వు రావాలె."

ఊర్లో

రహీమా ఇంటికి పోయిన వారానికి స్టేషన్ ఘన్‌పూర్ బస్సెక్కాను. ముందు యాకూబ్‌కు చెప్పాలి కాబట్టి ఆయన మంచం దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆయన మాట పోయింది గానీ బుద్ధి పోలేదు. మొదటి నుంచి చివరి దాకా నా ముఖమే చూశాడు. అయ్యాక ఎడమచేత్తో నా చేతిని మంచం మీది నుంచి తోసేశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను లేచాను.

తర్వాత రహీమా, నేను ఇల్లిల్లూ తిరిగాం. ఆమె కుడికాలు ఇంకా కొంచెం ఈడుస్తోంది, అయినా నా చెయ్యి పట్టుకోలేదు. మొదటి ఇంట్లో స్ట్రిప్పు ఇచ్చేశారు. రెండో ఇంట్లో ముసలాయన నాతో వాదానికి దిగాడు. ఊరికి ఒక్క మంచి ఉపాయం తెలిస్తే అది కూడా గుంజుకుంటారా, దవాఖానోళ్ళు అంతే అన్నాడు. స్ట్రిప్పు ఇప్పించుకోవడానికి అరగంట పట్టింది.

మూడో ఇల్లు సమ్మయ్యది. వ్యవసాయం చేసుకునే మనిషి. నేను చెబుతుంటే నిలబడి విన్నాడు, వింటూ వింటూ అరుగు మీద కూర్చున్నాడు. పోయిన వానాకాలం మా తమ్మునికి ఏసినం అన్నాడు. పొలం కాడ పడ్డాడట. ఇంటికి తెస్తే మాట్లాడుతున్నాడట, నీళ్ళు అడిగాడట. చుక్కలు వేశాక మళ్ళీ మాట్లాడలేదట. నాలుగో నాడు పోయాడు.

"అంటే, ఏసుడు తప్పైందా సిస్టర్?"

కచ్చితంగా చెప్పలేం అనే మాట నాలుక మీదికి వచ్చింది. అది నిజం కూడా. ఆ మాట వెనక ఎన్నాళ్ళు దాక్కున్నానో గుర్తొచ్చి మింగేశాను.

"తప్పే అన్నా. నీది కాదు. నేను నేర్పిన తప్పు."

ఆయన ఇంట్లోకి తిరిగి, లక్ష్మీ, ఇటు రా, ఈ సిస్టర్ చెప్పేది నువ్వు గూడ ఇను అని పిలిచాడు. పిండి చేతులతో ఒక ఆడమనిషి వచ్చింది. తమ్ముని భార్య. ఆ రోజు చుక్కలు పిండింది ఆమేనట. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఒక్క ముక్క తగ్గించలేదు. చెప్పడం అయ్యేసరికి ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. నన్ను తిడుతుందనుకున్నాను. పడిపోతుందేమోనని రహీమా చెయ్యి చాచింది.

ఆమె పడిపోలేదు. చేతులు చీరకు తుడుచుకుని గబగబా లోపలికి పోయి ఫోను పట్టుకొచ్చింది.

"చుక్కలేసుడు మా అవ్వకు గూడ నేర్పిన" అంది. "మా నాయినకు బీపీ ఉన్నది. పొద్దుగాల ఆయనకు తలకాయ తిరుగుతాందని అవ్వ ఫోన్ చేసింది."

తల్లి నెంబరు నొక్కి చెవికి పెట్టుకుంది. మేం ముగ్గురం ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాం. అటు రింగు పోతోంది, ఎవరూ ఎత్తడం లేదు.